సంటోడి ఏడుపు

ఒకప్పుడు కంప్యూటర్లో ఆడిన దెయ్యాల ఆటను ఇప్పటికీ మరిచిపోలేనివాళ్లం కొంతమందిమి ఫోన్లో ఒక గుంపు కట్టుకున్నాం. ఆ ఆటలో మన మొహం మనకు కనపడదు. చేతిలో తుపాకీ కనపడుతుంది, ముందు ఒక చీకటి నడవా ఉంటుంది, ఆ చీకట్లోంచి ఏదో ఒకటి వచ్చి మీద పడుతుంది. ఒకటో భాగం, రెండో భాగం, మూడో భాగం అంటూ వరసగా వచ్చాయి. మేం దొరికినవి దొరికినట్టు, వెనకది ముందు ముందుది వెనక ఆడినవాళ్లం. గుంపులో చాలామంది మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లే. ఆమదాలవలసలో బియ్యం కొట్టున్న ఒకాయన, దుప్పటి ముసుగేసుకుని ఆడేవాణ్ణని రాస్తాడు. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే ఇంకొకాయన, వాళ్ల నాన్న కీబోర్డు తీసి వీపు మీద కొట్టాడని రాస్తాడు. అందరం నవ్వుకుంటాం. మొన్నామధ్య ఎవరో అడిగారు, ఆట మొత్తంలో మీకు ఎక్కువ భయం పుట్టించిన శబ్దం ఏదని. రోజంతా జవాబులు వచ్చాయి. ఎక్కువమంది ఒకటే చెప్పారు, ఆ పసిపిల్లాడి ఏడుపని. సాయంత్రానికి ఎవరో ఆ ఏడుపునే వెతికి తెచ్చి గుంపులో పెట్టారు. నేను విజయనగరంలో కాలేజీలో పని ముగించుకుని ఇంటికి వస్తూ, సిటీ బస్సులో నిలబడి దాన్ని విన్నాను. మా ఇంట్లో జరిగింది రాద్దామని రెండు వాక్యాలు కొట్టాను, చెరిపేశాను. మళ్లీ కొట్టాను, మళ్లీ చెరిపేశాను. ఆ ఆదివారం కళింగపట్నం బస్సెక్కాను.

మా అమ్మ పుట్టిల్లు కళింగపట్నంలో. నాన్న ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద వేటకి పోయేవాడు కాబట్టి అమ్మా నేనూ అమ్మమ్మ దగ్గరే ఉండేవాళ్లం. రెండు గదుల స్లాబు ఇల్లు, ముందు సిమెంటు వసారా, వెనక గోడకి ఆనించి వలలు పడేసుకునే తాటాకుల పాక. ఆ ఇల్లు పొద్దుకంటే ముందు లేచేది. మావయ్య కోడి కూయకముందే బోటు మీదకి పోయేవాడు. పది గంటలకల్లా బోట్లు ఒడ్డుకి వస్తే, అమ్మ గంపతో ఇసకలోకి పరుగెత్తేది. అమ్ముడుపోగా మిగిలిన కవళ్లూ నెత్తళ్లూ లాంటి చిన్న చేపల్ని ఉప్పు పట్టించి ఎండేసేవాళ్లు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, మాకైతే ఆ వాసన లేని రోజే ఏదో వెలితిగా ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇల్లు ఇల్లంతా పడుకునేది. మావయ్య వసారాలో బోర్లా పడి గురక పెట్టేవాడు. అమ్మమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ, ఎండేసిన చేపల మీద వాలే కాకుల్ని కర్రతో అదిలించేది. ఆమెకి చెవులు సరిగా వినపడేవి కావు. కాకి అరుపు వినపడక, నీడ పడితేనే కర్రెత్తేది. పన్నెండు నుంచి మూడు దాకా ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడితే వీపు పగిలేది.

మావయ్య కొడుకు నూకరాజు బావ నాకంటే మూడేళ్లు పెద్ద. శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివేవాడు. రాష్ట్రం రెండుగా విడిపోవడానికి ముందు ఏడాది, చదువుకి కావాలని పోరుపెట్టి, అక్కడి షాపులో పాత కంప్యూటర్ ఒకటి కొనిపించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. లోపలి గదిలో బియ్యం డ్రమ్ముల పక్కన బల్ల వేసి పెట్టాం. ఉప్పుగాలికి దాని స్క్రూలు నెలలోపే తుప్పు పట్టాయి. అమ్మమ్మ తన పాత చీర ముక్కతో దానికి ముసుగు కుట్టింది. చదువుకని వచ్చిన కంప్యూటర్లోకి పెన్‌డ్రైవ్‌లో దెయ్యాల ఆట వచ్చింది. ఇద్దరం ఒక్క ఆటగాడిగా ఆడేవాళ్లం. నేను కీబోర్డు మీద నడిపేవాణ్ణి, బావ మౌసుతో గురి చూసి కాల్చేవాడు. కాళ్లు నావి, చేతులు వాడివి. దెయ్యాలకి పేర్లు కూడా మేమే పెట్టుకున్నాం. ఒంటికన్నుదాన్ని గుడ్డోడు అనేవాళ్లం, మంట ఊదేదాన్ని పొయ్యి అనేవాళ్లం. పసిపిల్లాడిలా ఏడుస్తూ దగ్గరికి వచ్చి, వచ్చాక పళ్లు దింపేది ఒకటుండేది. దాని పేరు సంటోడు. అది వస్తుందంటే ముందు ఏడుపే వినపడేది. మొదటిసారి విన్నప్పుడు నా చేతులు కీబోర్డు మీంచి వాటంతట అవే లేచిపోయాయి. తర్వాత ఆ భయమే కావాలనిపించేది. కరెంటు పోయి ఆట చచ్చిపోతే ఇద్దరం ఏడుపుమొహాలతో బీచ్‌కి పోయి, తర్వాతి తలుపు వెనక ఏముంటుందో గంటలు గంటలు చెప్పుకునేవాళ్లం.

ఆ వేసవిలోనే మా పిన్ని గౌరి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. అమ్మ కంటే పదేళ్లు చిన్నది. నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. నోరు తెరిస్తే పాటో తిట్టో వచ్చేది. పెళ్లయి రెండేళ్లు, మొగుడు అప్పన్నది గార అవతల ఊరు, సొంత బోటున్న ఇల్లు. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మగపిల్లాడు పుట్టాడు. పుట్టి ఏడవలేదు. గుడ్డలో చుట్టి తెచ్చి, ఊరి చివర సరుగుడు తోటలో ఇసక తవ్వి పెట్టి వచ్చారు. పిన్నిని లోపలి గదిలో పడుకోబెట్టారు. వాముపొగా, వెల్లుల్లి కారమూ, నలిగిన మల్లెపూలూ కలిసిన వాసన ఆ గదిలో ఉండేది. తాగే బిడ్డ లేక పాలు గడ్డకట్టి నొప్పి చేస్తుంటే, పాలు ఇంకిపోవాలని అమ్మమ్మ మల్లెపూలు నూరి గుండెలకి కట్టేది. నాకు పదహారేళ్లు. ఆ పూలు ఎందుకో నాకు తెలుసు. తెలిసీ నాకు జాలి కలగలేదు. కంప్యూటర్ ఆ గదిలోనే ఉందన్న చిరాకు మాత్రమే కలిగింది.

కొన్నాళ్లు శబ్దం తగ్గించి, పిన్ని వీపు మాకు ఉండేటట్టు పడుకున్నప్పుడు ఆడాం. పదకొండు రోజులు కష్టపడి ఒక మెట్టు చివరిదాకా వచ్చాం. ఆ మధ్యాహ్నం స్పీకర్లోంచి సంటోడు ఏడిచాడు. పిన్ని లేచి వచ్చింది. గోడలోంచి ప్లగ్గు పీకి, వైరు చుట్టి, బియ్యం డ్రమ్ములో పడేసి, వెళ్లి పడుకుంది. ఆట దాచుకున్న ఫైలు చెడిపోయి, మేం అప్పటిదాకా ఆడింది పోయింది. ఆ సాయంత్రం మావయ్య తీర్పు చెప్పాడు, అప్పన్న వచ్చి పిన్నిని తీసుకెళ్లేదాకా ఆ గదిలో ఎవరూ కాలు పెట్టకూడదని. అప్పన్న వచ్చేది మూడో నెల వెళ్లాక. అంటే మా సెలవులన్నీ గోడకి కొట్టిన సున్నమే. బీచ్‌లో కూర్చుని బావ చాలాసేపు ఇసక విసిరాడు. తర్వాత నెమ్మదిగా, గది తనంతట తనే వదిలేటట్టు పిన్ని సంగతి చెబుతానన్నాడు. నేనెలా అని అడిగాను. వద్దని మాత్రం అనలేదు.

పిన్ని నూతి దగ్గర స్నానానికి వెళ్లిన సమయం చూసి, బావ కంప్యూటర్ పెట్టి, సంటోడి ఏడుపుని తన ఫోన్లోకి ఎక్కించాడు. చివర్లో వచ్చే పళ్ల చప్పుడు, గుర్రుమనే గొంతూ రాకుండా, ఏడుపు దాకానే ఉంచాడు. ఆ ఫోన్ని వెనక పాకలో, గదిగోడకి ఆనుకున్న వలల కుప్ప లోపల దాచాం. ఇల్లంతా పడుకున్నాక బావ వెళ్లి దాన్ని మోగించి వచ్చేవాడు. మోగించి వసారాలో నా పక్కన పడుకుని కళ్లు మూసుకునేవాడు. మొదటిరోజు పిన్ని గదిలోంచి వచ్చి, వీధిలోకి తొంగిచూసి, మళ్లీ లోపలికి పోయింది. మేం నవ్వాపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకున్నాం. రెండోరోజు వచ్చి నా దగ్గర కూర్చుంది. జాకెట్టు ముందంతా తడిసి ఉంది. ఏడుపు విని పాలు వచ్చాయి.

"సిన్నా, ఎవులింటికాడైనా సంటిపిల్లోడున్నాడేట్రా?" అని అడిగింది.

చుట్టుపక్కల ఇళ్లలో ఎవరూ లేరని చెప్పాను.

"ఏడుపు ఇనబడతన్నాది నాకు. నీకూ ఇనబడతన్నాదా?"

పిన్ని వెనక బావ పెదవి కొరుక్కుంటూ నన్నే చూస్తున్నాడు. ఇక్కడిదాకా ఆలోచన బావది. తర్వాత నేనన్న మాట మాత్రం బావ చెప్పమన్నది కాదు. నాకే తోచింది.

"ఇనబడతన్నాది పిన్నీ. సరుగుడు తోటకాడి నుంచి వస్తన్నట్టున్నాది," అన్నాను.

పిన్ని నా మొహంలోకి చూసింది. నా తల మీద చెయ్యి వేసి రెండుసార్లు నిమిరింది. ఆ రోజంతా ఆమె మొహం తేటగా ఉంది. రాత్రి అన్నం కూడా అడిగి పెట్టించుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం బావ మళ్లీ మోగించాడు. పిన్ని గది నుంచి వచ్చి, చెప్పుల్లేకుండా, మండే ఇసకలో తోట వైపు నడిచింది. అమ్మమ్మ కాకుల మీద ధ్యాసలో చూడలేదు. మేం ఎంతో దూరం పోదులే అనుకున్నాం. ఆ రోజే, చెప్పాపెట్టకుండా, అప్పన్న వాళ్లమ్మని తీసుకుని దిగాడు. గురువారం మంచిదని, నెల ముందే తీసుకుపోదామని వచ్చారట. చేతిలో అరటిపళ్ల గెల, కొత్త చీర ఉన్న సంచి. పిన్ని ఏదని అడిగితే గదిలో లేదు. ఇల్లంతా లేచింది. అందరం వెతుక్కుంటూ తోటలోకి వెళ్లేసరికి, పిన్ని మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసక తోడుతోంది. మోచేతుల దాకా ఇసక. గోళ్ల దగ్గర రక్తం. మావయ్య చెయ్యి పట్టి లాగితే విదిలించుకుంది. అప్పన్నని చూసి, భయం లేకుండా, సంతోషంగానే చెప్పింది.

"బతికే ఉన్నాడయ్యా. మూడ్రోజులై ఏడుస్తన్నాడు. నాకొక్కదానికే కాదు, మా సిన్నాకీ ఇనబడినాది. సిన్నా, సెప్పరా."

అందరూ నా వైపు తిరిగారు. మావయ్య తెడ్డు పట్టే చేతి బలం నాకు తెలుసు. బావ ఒక చెట్టు వెనక నిలబడి తల అడ్డంగా ఊపాడు. పిన్ని నన్నే చూస్తోంది. నా మీద ఆమెకి ఎంత నమ్మకమంటే, నేను నోరు తెరవకముందే తల ఊపుతోంది.

"నానేటీ అనలేదు పిన్నీ. నాకేటీ ఇనబళ్లేదు," అన్నాను.

పిన్ని తవ్వడం ఆపేసింది. అప్పన్న తల్లి కొడుకు మోచెయ్యి పట్టుకుని, ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని రేపు పిల్లల్నెలా కంటామని అమ్మమ్మని అడిగింది. అమ్మమ్మకి వినపడక మళ్లీ అడిగించుకుంది. ఆ మాట ఆమె రెండోసారి గట్టిగా, ఊరంతా వినేటట్టు అనాల్సి వచ్చింది. అప్పన్న మంచివాడేనని అందరూ అనేవారు. ఆ రోజు మాత్రం అరటిపళ్ల గెల ఇసకలో పెట్టి, చీర సంచి మాత్రం వెనక్కి పట్టుకుపోయాడు. కుదుటపడ్డాక వస్తానని కబురు పంపాడు. ఏడాది తిరక్కుండా వాళ్లవాళ్లు అతనికి ఇంకో సంబంధం చేశారు.

పిన్నికి ఏదో సోకిందని ఒకచోటికీ, బుర్ర చెడిందని ఇంకొకచోటికీ తిప్పారు. ఒకచోట వేపరెబ్బలతో కొట్టారు, ఇంకొకచోట మాత్రలిచ్చారు. మాత్రలకి రోజంతా మగతగా ఉండేది. గదిలో ఒంటరిగా ఉండకూడదని పిన్ని పడకని వసారాలో అమ్మమ్మ మంచం పక్కకి మార్చారు. దాంతో గది మాకు దొరికింది. నేను ఈ పేజీలు రాయడం మొదలుపెట్టింది ఈ ఒక్క వాక్యం కోసం. గది దొరికిన మర్నాడే మేం బియ్యం డ్రమ్ములోంచి వైరు తీసి ఆట మొదలుపెట్టాం. పోయిన పదకొండు రోజుల ఆటనీ నాలుగు రోజుల్లో తిరిగి ఆడేశాం. ఆ నెలాఖరుకి చివరి దెయ్యాన్ని చంపి, బావా నేనూ ఒకరినొకరు వాటేసుకుని గెంతాం. వసారాలో పిన్ని నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. నా చిన్నతనంలో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి నాకు గుర్తులేదు.

తర్వాత నేను చదువులకి విజయనగరం వచ్చేశాను. బావ ఆమదాలవలసలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. మంచి తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు. పిన్ని ఏడాదికి మాత్రలు మానేసి, అమ్మతో గంప ఎత్తింది. అమ్మమ్మ పోయి, అమ్మా మావయ్యా ఊళ్లోనే వేరే ఇళ్లు కట్టుకున్నాక ఆ ఇంట్లోనే ఒంటరిగా ఉంటూ, ఎండుచేపల బేరం తనే నడుపుతోంది. పండగలకీ పబ్బాలకీ వెళ్లినప్పుడు నాకు వండి పెట్టేది. తోటలో జరిగిన సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనబద్ధమాడానని తెలిసిన మనిషి మొదట వడ్డించేది నాకే కావడం నాకు అన్నం మింగనిచ్చేది కాదు. ఆ ఆదివారం బస్సెక్కేముందు బావకి ఫోన్ చేసి, పిన్నికి చెప్పేస్తున్నానన్నాను. బావ దుకాణంలోంచి బయటికి వచ్చి మాట్లాడాడు. అప్పుడు మనం చిన్నగుంటలం, ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు, దాన్నలాగే వదిలెయ్యమన్నాడు. వీడి గుండె రాయి అనుకున్నాను. నాది కరిగిందని మురిసిపోయాను కూడా.

వెళ్లేసరికి పిన్ని పెరట్లో పీట మీద కూర్చుని కత్తిపీటతో చేపల పొట్టలు చీలుస్తోంది. నడుం దగ్గర కొంచెం లావైంది, చెంపలు నెరిశాయి. ఎదురుగా గొంతుక్కూర్చుని మొత్తం చెప్పేశాను. ఫోనూ, వలల కుప్పా, బావా. సరుగుడు తోట మాట నాదేనని కూడా చెప్పాను. పిన్ని చేతులు ఆగలేదు. చేప తీయడం, చీల్చడం, తొట్టిలో వేయడం. నేనాగాక, ఇంకో మూడు చేపలు కోసి, ఏదీ వినిపించమంది. గుంపులో పెట్టిన ముక్క నా ఫోన్లో ఉంది. మోగించి, ఏడుపు అయిపోగానే ఆపేశాను. పిన్ని లేచి, చేతులు రెండుసార్లు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చింది.

"ఇదే," అంది. ఆ మొహం నేను మళ్లీ చూడలేను. దూరపు ఊరి నుంచి కొడుకు ఫోన్ చేసిన తల్లి మొహంలా ఉంది. నేను చెప్పిందంతా ఆమె చెవికి ఎక్కినట్టే లేదు.

ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. ఈసారి ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకుంది. నేను ఆపేలోపు ఏడుపు అయిపోయింది, దాని తర్వాతది వచ్చింది. పళ్ల చప్పుడు, గుర్రుమనే గొంతు. పిన్ని చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. చివరిదాకా విని, ఫోన్ నా చేతిలో పెట్టింది. పీట మీద కూర్చుని, చేపని చేతిలోకి తీసుకుని, కొయ్యకుండా అలాగే పట్టుకుంది.

"ఆడు పుట్టినప్పుడు ఏడవలేదురా," అంది. "నర్సమ్మ కాళ్లట్టుకుని ఎన్నిసార్లు తట్టినాదో. ఏడవలేదు. తరవాత మూడ్రోజులు ఏడిసినాడు, నాకోసమే ఏడిసినాడనుకున్నాను. పిచ్చిదన్నారు, ఊరుకున్నాను. మొగుడొగ్గీసినాడు, ఊరుకున్నాను. నువ్వు అబద్ధం సెప్పినావు, గుంటడివి, బయపడినావనుకున్నాను. ఆడు ఏడిసినాడు కదా, అది సాలనుకున్నాను."

క్షమించమన్నాను. ఆ మాట నా నోట్లోనే ఎంత చిన్నదిగా వినపడిందో చెప్పలేను.

"నీకు బరువు దిగినాదా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"దిగితే ఎల్లు. బస్సొచ్చీ ఏళయింది," అని చేప పొట్ట చీల్చింది.

బస్సులో కూర్చుని ఎప్పుడూ చెయ్యని పని చేశాను, అప్పటి నన్నూ ఇప్పటి నన్నూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. పదహారేళ్లవాడు చేసింది క్రూరమే, కానీ వాడికి ఒక గది కావాలి. ముప్పైకి దగ్గరపడ్డవాడికి ఏం కావాల్సి వచ్చింది? రాత్రి నిద్ర. వాడు ఆమె దగ్గర మొగుణ్ణీ ఇంటినీ తీసుకున్నాడు. వీడు వెళ్లి, మిగిలిన ఆ మూడు రోజుల ఏడుపూ తీసుకుని వచ్చాడు. అదీ మంచివాడి మొహం పెట్టుకుని. రాయిగుండెవాడనుకున్న బావ, పన్నెండేళ్లు నోరు మూసుకుని ఆమెకి దాన్ని కాపాడాడు. ఆ రాత్రి గుంపులోంచి బయటికి వచ్చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

నెల తిరిగాక అమ్మ ఫోన్ చేసింది. ఊరి సంగతులన్నీ చెప్పి, చివర్లో పిన్ని సంగతి ఎత్తింది. అమావాస్య అమావాస్యకీ చిన్న గ్లాసుతో పాలు పట్టుకుని సరుగుడు తోటకి పోయేదట, ఇన్నేళ్లూ ఎవరెంత చెప్పినా మానలేదట. నాకు ఆ సంగతే తెలియదు. ఈ అమావాస్యకి అమ్మ గుర్తుచేస్తే, ఎందుకే, అక్కడెవరున్నారని అందట. అమ్మ గొంతులో ఎన్నాళ్లుగానో లేని తేలిక వినపడింది.

"దేవుడు సల్లగా సూసినాడ్రా. మీ పిన్నికి నయమైపోనాది," అంది.

అవునమ్మా అన్నాను.